ఇది నా పియానో కాదు

"ఇస్త్రీ బట్టలు పెట్టుకోవడానికి ఇంకెక్కడా చోటు దొరకలేదా అత్తయ్యా?"

కోడలు గుమ్మంలోనే ఆగిపోయింది. ముందు గదిలో పియానో మూత మీద మామగారి చొక్కాలు, దుప్పట్లు, తలగడ గలీబులు బొత్తులు బొత్తులుగా పేర్చి ఉన్నాయి. అన్నిటికంటే పైన ఒక జత మేజోళ్లు.

"చోటుకేం కరువు? అదెలాగూ ఖాళీగానే పడుందిగా," అంది అత్తగారు, ఇస్త్రీపెట్టె ఆపకుండా.

"మీరు వాయించకపోతే ఖాళీగానే ఉంటుంది."

"నాదైతే వాయించేదాన్నే."

మళ్లీ అదే మాట.

పియానో మెట్లు బాగుచేసి తిరిగి బిగించిన రోజు ఆవిడ ఎంత సంబరంగా పియానో ముందు కూర్చుందో కోడలికి ఇంకా కళ్లకు కట్టినట్టుంది. చేతులు కడుక్కుని, తుడుచుకుని, చిన్నపిల్లలా కుర్చీ ముందుకి జరుపుకుంది. నాలుగు వరుసలు వాయించింది. ఆగింది. మళ్లీ మొదటి నుంచి ఎత్తుకుంది. మళ్లీ అక్కడే ఆగింది. మెట్ల వంక అదోలా చూసి, మూత వేసేసి, "ఇది నా పియానో కాదు," అని లేచిపోయింది. అప్పటి నుంచి ఆ మూత తెరుచుకోలేదు.

పోనీ ముక్కూ మొహం తెలియని పనివాడెవడో పాడుచేశాడా అంటే అదీ కాదు. పియానో మెట్లు బాగుచేయడమే కోడలి వృత్తి. పెళ్లికి ముందు నుంచీ పెద్దమేస్త్రి దగ్గర నేర్చుకుని, ఇప్పుడు ఆయన కార్ఖానాలో మెట్ల పని మొత్తం తనే చూస్తోంది. "ఊళ్లోవాళ్ల పియానోలన్నీ బాగుచేస్తావు, మనింట్లోది మాత్రం కదిలిన పళ్లసెట్టులా గలగలమంటోంది," అని దెప్పిపొడిచి మరీ చేయించుకున్నది అత్తగారే.

పనిలో ఎక్కడా తొందరపడలేదు. ఏళ్ల తరబడి పిల్లలకి పాఠాలు చెప్పిన అత్తగారి వేళ్ల కింద మెట్ల మీది తెల్ల పలకలు గుంటలు పడిపోయాయి. నడిమి మెట్లయితే చెంచాల్లా తయారయ్యాయి. మెట్టు లోపల ఇనప పుల్ల కదిలే చోట అతికించిన ఎర్ర బనాతు ఉన్నిగుడ్డ అరిగి పీచైపోయింది. మెట్లు పక్కలకి ఊగి చప్పుడు చేసేది అందుకే. కోడలు పాత పలకలు వేడిచేసి ఊడదీసింది. కర్రని చదును చేసి కొత్త పలకలు అతికించింది. అంచుల్ని ఆకురాయితో తీర్చి, చెంపకి ఆనించి చూసుకుంది. బనాతు మార్చింది. ప్రతి మెట్టు మీదా చిన్న ఇత్తడి తూకపు బిళ్లలు పెట్టి, అన్నీ ఒకే బరువుకి దిగుతున్నాయా, ఒకే లోతులో ఆగుతున్నాయా అని సరిచూసింది. తన పుట్టింటి వస్తువైనా అంత శ్రద్ధగా చేసేది కాదేమో.

"అసలేం బాగోలేదో చెప్పండి అత్తయ్యా. బరువుగా ఉన్నాయా?"

"లేవు."

"మరీ తేలికైపోయాయా?"

"అదీ కాదు."

"జారుతున్నాయా? కొత్త పలకలు కదా, కొన్నాళ్లు అలాగే..."

"అమ్మాయ్, నన్ను బోనులో నిలబెట్టినట్టు అడక్కు." అత్తగారు ఇస్త్రీపెట్టె నిలువుగా పెట్టింది. "నొక్కితే నొక్కినట్టుండదు. ఉందా అంటే ఉంది, లేదా అంటే లేదు. ఇంతకంటే చెప్పడం నాకు రాదు."

"ఏ మెట్టు?"

"అన్నీ."

"అన్నీనా?"

"కొన్ని." గొంతు తగ్గించి అంది. "ఒక్కోసారి ఒక్కోటి."

కోడలికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మెట్టన్నాక పాడైతే పాడవుతుంది, బాగుంటే బాగుంటుంది. పూటకోలా ఉండటానికి అదేమైనా మనిషా?

తలుపు చప్పుడైంది. పాఠానికి వచ్చిన పిల్ల, వెనకాల వాళ్లమ్మ.

"ఇవాళ కూడా పాఠం లేదమ్మా," అంది అత్తగారు గుమ్మం దగ్గరే నిలబడి. "పియానో బాగోలేదు."

"మొన్నే బాగు చేయించామన్నారు కదండీ?"

"చేయించాం. చేయించాకే ఇలా అయింది."

పిల్ల తల్లి లోపలికి తొంగిచూసింది. ఆ చూపు సూటిగా కోడలి మీదికే వచ్చింది. కోడలు ఏం చేయాలో తోచక, మేజోళ్ల జత తీసి మళ్లీ అక్కడే పెట్టింది.

*

"ఎన్నాళ్లిలా? మీరిద్దరూ ఇంట్లో ఉంటే నాకు ఊపిరాడటం లేదు," అన్నాడు భర్త.

అతను మందుల షాపు మూసి మధ్యాహ్నం భోజనానికి వచ్చాడు. కోడలు వంటింట్లో గిన్నెలు కడుగుతోంది. అతను పక్కన నిలబడి తుడుస్తున్నాడు. తుడిచిన గిన్నెనే మళ్లీ తుడుస్తున్నాడు.

"నేనేం చేశాను? ఏం బాగోలేదో చెప్పమన్నాను. అంతే."

"అది కాదు." గొంతు తగ్గించాడు. "అమ్మకి మతిమరుపు మొదలైందేమోనని నా అనుమానం. మా షాపుకొచ్చే పెద్దవాళ్లలో చూస్తుంటాను. ఇది నా ఇల్లు కాదంటారు, ఇది నా చెప్పు కాదంటారు. అలాగే మొదలవుతుంది."

పక్క గదిలోంచి మామగారి గొంతు వినిపించింది. వినకూడని మాటలన్నీ ఆయనకి భేషుగ్గా వినిపిస్తాయి.

"మీ అమ్మకి మతిమరుపా? మా పెళ్లిలో మా మేనత్త ఏమని దెప్పిందో అడుగు, పొల్లు పోకుండా అప్పజెబుతుంది. నేను మర్చిపోదామన్నా మర్చిపోనివ్వదు."

భర్త నవ్వబోయి మానేశాడు. "మరి నీ పనిలో లోపం లేదు, అమ్మ బుర్రలో లోపం లేదు. అయితే ఏమిటిది?"

"నన్నడిగితే?"

"నిన్ను గాక ఎవరినడగను? పియానోల సంగతి నాకేం తెలుసు? మీ ఇద్దరి మధ్యా అడకత్తెరలో పోకచెక్కనైపోయాను."

"అయితే ఆ మాట మీ అమ్మతో అనండి ఏమండీ," అంది కోడలు. మామూలుగా అతన్ని నువ్వంటుంది. ఈ 'ఏమండీ' కోపం నెత్తికెక్కినప్పుడే బయటికొస్తుంది. అతను గిన్నె కింద పెట్టి చేతులెత్తేశాడు.

సరిగ్గా అప్పుడే ఆడపడుచు వచ్చింది. భర్తకి అక్క ఆవిడ. కాపురం రెండు వీధుల అవతలే. తల్లి తుమ్మితే ముందు ఆవిడకే తెలుస్తుంది.

"నేను చెప్పానా లేదా? అమ్మ చేతికి అలవాటైన వస్తువుని కదపొద్దని మొత్తుకున్నానా లేదా?"

"అత్తయ్యే చేయమన్నారు వదినా."

"అమ్మ రోజుకి వంద అంటుంది. నాన్నని సన్యాసుల్లో కలిసిపొమ్మంటుంది. కలిసిపోయాడా?"

"ఆలోచిస్తున్నాను," అన్నారు మామగారు లోపల్నుంచి.

ఎవరూ నవ్వలేదు. ఆడపడుచు కుర్చీ లాక్కుని కూర్చుంది. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. తగువుకి వచ్చిన మనిషి కళ్లలో నీళ్లు చూసేసరికి కోడలికి ఇంకా అయోమయంగా అనిపించింది.

"నీకు తెలీదు. ఆ పియానో తప్ప అమ్మకి ఇంకో లోకం లేదు. ఇప్పుడేమైంది? పిల్లలకి వాయించి చూపించడమే మానేసింది. నోటితో చెబుతోందట. చేత్తో చూపించందే పాఠం చెప్పని మనిషి, కుర్చీలో కూర్చుని నోటితో చెబుతోందట!"

కోడలి చేతిలో గ్లాసు ఆగింది. "ఇప్పుడు పాఠాలే జరగడం లేదు కదా వదినా. ఎప్పటి సంగతి మీరంటున్నది?"

"ఎప్పటిదంటే... మా పక్కింటి పిల్ల చెప్పింది. సెలవులకి ముందు."

"సెలవులకి ముందు నేనింకా మెట్లు విప్పనే లేదు."

ఆడపడుచు కొంగుతో కళ్లు తుడుచుకుంది. "ఏమో, నాకు తారీఖులు గుర్తుండవు. నువ్వు మాట మార్చకు."

మాట మార్చాలని కోడలికి లేదు. మాట ఎటు పోతోందో కూడా ఆమెకి తెలియలేదు.

*

సాయంత్రం పెద్దమేస్త్రి వచ్చాడు. కోడలే కబురు పెట్టింది. తన కంటికి కనపడని తప్పు ఆయన కంటికైనా కనపడుతుందన్న ఆశ. కనపడుతుందేమోనన్న భయం కూడా లేకపోలేదు.

ఆయన బట్టల బొత్తులు తనే తీసి కుర్చీలో పెట్టి, కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి పని మొదలుపెట్టాడు. ఒక్కో మెట్టూ పట్టుకుని పక్కలకి కదిపి చూశాడు. ఒంగి, కన్ను మెట్ల ఎత్తుకి తెచ్చి, వరుస ఈ చివర నుంచి ఆ చివరికి చూశాడు. కొన్నిటిని వేలితో అతి నెమ్మదిగా నొక్కాడు, కొన్నిటిని టపటపా కొట్టాడు. చివరికి కూర్చుని తనకొచ్చిన నాలుగు ముక్కలు వాయించాడు.

అత్తగారు వంటింటి గుమ్మానికి ఆనుకుని చూస్తోంది. "ఏమంటారు?"

"నా శిష్యురాలని చెప్పడం కాదు గానీ అమ్మా, ఇంత సమంగా నేనైనా చేయలేను."

"సమంగా ఉంటే సరిపోతుందా?"

మేస్త్రి కళ్లద్దాలు ముక్కు మీదికి దించుకున్నాడు. "అదీ నిజమే. పాతవి ఒక్కోటి ఒక్కోలా ఉండేవి, మీకు అలవాటు. ఒక పని చేయండి. మీరోసారి కూర్చోండి. మీ చెయ్యి చూస్తే నాకేమైనా అర్థమవుతుందేమో."

"నా చేతికేం? నా చెయ్యి లక్షణంగా ఉంది!"

ఆ అరుపుకి మామగారు కూడా లేచి వచ్చారు. అత్తగారు చేతిలో ఉన్న తువ్వాలు కుడిచేతికి గట్టిగా చుట్టుకుని, ఎందుకు అరిచిందో తనకే తెలియనట్టు అందరి వంకా చూసి, లోపలికి వెళ్లిపోయింది.

"నేనేమన్నానని?" అన్నాడు మేస్త్రి బిత్తరపోయి.

కోడలు ఆయన్ని సాగనంపడానికి వీధిలోకి వచ్చింది. "మేస్త్రిగారూ, ఇక్కడెవరూ లేరు. నిజం చెప్పండి. నా పనిలో లోపముందా?"

"లేదు."

"మరి?"

"అదే అర్థం కాక చస్తున్నాను. లోపముంటే ఎంత బాగుండేది! ఇద్దరం కూర్చుని సరిచేసేవాళ్లం."

ఆయన వీధి మలుపు తిరిగేదాకా చూసి కోడలు లోపలికొచ్చింది. మెట్ల ముందు కూర్చుని ఒక్కొక్కటే నొక్కింది. ఒకటి కాస్త బరువుగా ఉన్నట్టనిపించింది. మళ్లీ నొక్కితే లేదు. ఇంకోటి ఆలస్యంగా లేచినట్టనిపించింది. మళ్లీ చూస్తే లేదు. కాసేపటికి ఏది నిజంగా తగులుతోందో, ఏది తన భయమో తేల్చుకోలేకపోయింది. ఇన్నాళ్లూ తన వేళ్లని నమ్ముకుని బతికింది. ఇప్పుడు వాటినే అనుమానించాల్సి వస్తోంది.

*

మర్నాడు పొద్దున అత్తగారు ఇంట్లో లేదు.

"నడకకి వెళ్లారా?" అంది కోడలు.

మామగారు పేపరు మడిచారు. "చెప్పొద్దంది. కానీ నా కడుపులో మాట ఆగదని దానికీ తెలుసు. బడికెళ్లింది. రోజూ వెళ్తోంది. అక్కడ హాల్లో పాత పియానో ఉందిగా, అది వాయించుకోవడానికి."

కోడలికి ఒళ్లు మండింది. ఇంట్లో అంత కష్టపడి చేసినదాని మీద బట్టలు పేర్చి, ఎవరూ పట్టించుకోని బడి పియానో దగ్గరికి వెళ్లడమా? పొరుగింటి పుల్లకూర రుచంటే ఇదే కాబోలు. చెప్పులేసుకుని బయల్దేరింది. నేరుగా ఎదురుపడి, "ఇదైతే బాగుందా అత్తయ్యా?" అని అడిగేయాలి. ఆ ఒక్క ప్రశ్నే దారంతా నూరుకుంటూ వెళ్లింది.

అత్తగారు ఒకప్పుడు పనిచేసిన బడి అది. ఇంకా పిల్లలు రాలేదు. ఆవరణ చిమ్ముతున్న కాపలాదారు ఆమెని చూసి తల ఊపాడు. వరండా దాటి హాలు తలుపు దాకా వచ్చి, కోడలు ఆగిపోయింది.

లోపల అత్తగారు వాయిస్తోంది. ఇంట్లో రోజూ పాఠాలకి ముందు తన కోసం వాయించుకునే పాటే. ఎడమచెయ్యి ఎప్పటిలాగే నిబ్బరంగా నడుస్తోంది. కుడిచెయ్యి పైపైకి ఎక్కుతోంది, ఎక్కుతోంది, చిట్టచివర చీకట్లో మెట్టు తప్పినట్టు తూలింది. ఒక స్వరం పలకనే లేదు. పక్కది రెండుసార్లు పలికింది.

ఆగింది. మళ్లీ మొదటి నుంచి. మళ్లీ అక్కడే.

అదే చోటు. ఇంట్లో మెట్లు బిగించిన రోజు ఆగిన చోటే.

ఇంకోసారి. ఈసారి ఎంత గట్టిగా కొట్టిందంటే మెట్టు కర్ర చప్పుడు బయటికి వినిపించింది. స్వరం మాత్రం పక్కదే పలికింది.

కాపలాదారు చీపురు పట్టుకుని ఆ పక్క తలుపులోంచి లోపలికి వెళ్లాడు. అత్తగారి గొంతు వినిపించింది.

"ఏమయ్యా, ఈమధ్య దీన్ని కూడా ఎవరైనా విప్పి బాగుచేశారా?"

"దాన్నా? దాని దుమ్ము దులిపే దిక్కే లేదమ్మా. బాగుచేసేదెవరు?"

"ఎవరూ ముట్టుకోలేదా?"

"మీరు తప్ప ఎవరూ."

ఒక మెట్టు రెండుసార్లు మోగింది. తర్వాత అత్తగారు, ఎవరినో బతిమాలుతున్నట్టు, "మరి ఇదెందుకిలా అయింది?" అంది.

కోడలు వచ్చిన దారినే వెనక్కి తిరిగింది.

గేటు దాటేదాకా గుండె తేలిగ్గా ఉంది. తన పనిలో తప్పు లేదు! గేటు దాటాక ఆ తేలికకి సిగ్గేసింది. ఇంట్లో అందరి ముందూ చెప్పేయొచ్చు. పియానో బాగానే ఉంది, పాడైంది ఆవిడ చెయ్యి అని. చెబితే తగువు తీరిపోతుంది. తాను గెలుస్తుంది. ఆ తర్వాత? చెయ్యే సర్వస్వమైన మనిషికి ఆ మాట కోడలి నోటి నుంచి, అదీ తగువులో, వినాల్సి రావాలా?

అసలు ఆవిడకి తెలుసా? తెలిసి దాస్తోందా? తెలియక తికమకపడుతోందా? తువ్వాలు చుట్టుకున్నప్పుడు తెలిసినట్టే ఉంది. ఇందాక ఆ గొంతు వింటే ఏమీ తెలియనట్టే ఉంది. ఏది నమ్మాలి?

కార్ఖానాకి వెళ్లింది గానీ ఆ రోజు ఒక్క మెట్టు కూడా తిన్నగా తీర్చలేకపోయింది.

*

సాయంత్రం ఇంటికొచ్చేసరికి ముందు గదిలో పంచాయితీ నడుస్తోంది. పియానో మీద బట్టలు మళ్లీ చేరాయి. ఆడపడుచు నడుం మీద చేతులేసుకుని నిలబడి ఉంది. భర్త షాపు ఎవరికో అప్పజెప్పి వచ్చినట్టున్నాడు.

"పాతవన్నీ మళ్లీ పెట్టించెయ్ తమ్ముడూ. గలగలమంటే అననీ, ఊగితే ఊగనీ."

"పాత పలకలు ఊడదీశాక విరిగిపోతాయటక్కా, మళ్లీ అతుక్కోవట. అది కాదు గానీ అమ్మా, రేపోసారి డాక్టరు దగ్గరికెళ్దాం. ఊరికే. తలకి సంబంధించి ఒక పరీక్ష..."

"తలకా?" అత్తగారు లేచి నిలబడింది. "అంటే నాకు పిచ్చంటావు."

"పిచ్చని ఎవరన్నారమ్మా? మరుపు..."

"ఏం మర్చిపోయాన్రా? నీకు పాలపళ్లు ఏ వరసలో ఊడాయో చెప్పనా? ఏం మర్చిపోయానో చెప్పు!"

"మరి ఇంట్లో ఉన్న పియానోని పట్టుకుని నాది కాదంటే ఏమనుకోవాలి?"

అత్తగారి కళ్లు గదంతా తిరిగి, ఆధారం దొరకని మనిషి కళ్లలా, వచ్చి కోడలి మీద ఆగాయి.

"తప్పు నాదే," అంది కోడలు.

ఆ మాట అనాలని ఆమె అనుకోలేదు. నోటి నుంచి వచ్చేసింది. అందరూ తిరిగి చూశారు.

"అదేంటి, మేస్త్రిగారు బాగుందన్నారుగా?" అన్నాడు భర్త.

"నా మీద అభిమానంతో అన్నారు. తప్పు నా పనిలోనే ఉంది. మళ్లీ విప్పి చేస్తాను. పరీక్షలూ గిరీక్షలూ ఏమీ వద్దు."

"చూశారా!" అంది ఆడపడుచు. కానీ ఆ గొంతులో గెలుపు లేదు. అనుమానంగా కోడలి మొహంలోకి చూసింది.

"ఏం తప్పు?" అంది అత్తగారు.

"బనాతు... కాస్త మందంగా పడింది."

"ఎక్కడ?"

"పై వరసలో. కుడివైపు."

"చూపించు."

అత్తగారు బట్టల బొత్తులు రెండు చేతులా ఎత్తి మామగారి ఒళ్లో పడేసింది. మూత తీసింది. కోడలు కూర్చుంది. కుడివైపు మెట్లు ఒక్కొక్కటే నొక్కుతూ వెళ్లింది. ఒక్కటైనా పట్టేస్తే బాగుండును, ఒక్కటైనా చప్పుడు చేస్తే బాగుండును అని వెతికింది. అన్నీ మెత్తగా దిగి, మెత్తగా లేచాయి.

"ఇదిగో... ఇది."

అత్తగారు ఒంగి ఆ మెట్టుని చూపుడువేలితో నొక్కింది. స్వరం స్వచ్ఛంగా మోగింది. మళ్లీ నొక్కింది. మళ్లీ మోగింది.

"దీనికేం?"

కోడలు చేతులు ఒళ్లోకి తీసుకుంది.

"నీకు అబద్ధమాడటం రాదమ్మాయ్. రాని పని ఎందుకు చేశావు?"

కోడలు మూత దించబోయింది.

"నిన్నే."

"పొద్దున మీ వెనకాలే బడికొచ్చాను అత్తయ్యా."

మామగారు ఒళ్లో చొక్కాల్ని అక్కర్లేకపోయినా సర్దసాగారు. అత్తగారు పక్కనున్న కుర్చీలో కూలబడింది.

"విన్నావా?"

"విన్నాను."

"ఏ బడి? ఏం విన్నావు?" అన్నాడు భర్త.

"నువ్వుండరా." అత్తగారు కోడలి వైపే తిరిగింది. ఇన్నాళ్లుగా మొహం చూడని మనిషి, ఇప్పుడు చూపు తిప్పడం లేదు. "అయితే నువ్వే చెప్పు. ఈ పని తెలిసినదానివి. రెండు పియానోలూ ఒకేసారి ఎలా పాడవుతాయి? నేను సరైన మెట్టే నొక్కుతున్నాను. కళ్లతో చూసి నొక్కితే పలుకుతోంది. చూపు తీస్తే పక్కది పలుకుతోంది. ఇంట్లో పాత మెట్ల మీద ఇలా అయ్యేది కాదు. గుంటలో వేలు పడితే అదే ఆగేది, మెట్టు కదిలితే చప్పుడయ్యేది. కొన్నాళ్లు ఆ చప్పుడు విని నెట్టుకొచ్చాను. అది కూడా... ఎప్పటి నుంచో ఏమో. నాకేం తెలియడం లేదు."

"నాకూ తెలియడం లేదు అత్తయ్యా. నిజంగానే." కోడలు కుర్చీ దగ్గరికి జరుపుకుంది. "మెట్టయితే చేత్తో పట్టుకుని చూస్తాను. మీ చెయ్యి కూడా ఒకసారి ఇవ్వండి."

అత్తగారు తటపటాయించి, కుడిచెయ్యి కోడలి ఒళ్లో వెల్లకిలా పెట్టింది. సన్నని, పొడవాటి వేళ్లు. చూడటానికి ఏ లోపమూ లేదు.

"కళ్లు మూసుకోండి. నేను ఏ వేలిని ముట్టుకుంటే ఆ వేలి పేరు చెప్పండి."

"చిన్నపిల్లల ఆటలా ఉందే," అంది గానీ, అత్తగారు కళ్లు మూసుకుంది.

కోడలు బొటనవేలి కొసని గోటితో మెల్లగా నొక్కింది.

"బొటనవేలు."

తర్వాతది.

"చూపుడువేలు. అంత గట్టిగా నొక్కాలా?"

భర్త తేలిగ్గా ఊపిరి వదిలాడు. ఆడపడుచు దగ్గరికొచ్చి నిలబడింది.

"మధ్యవేలు," అంది అత్తగారు వెంటనే.

కోడలు ఉంగరంవేలి కొసని నొక్కింది. అత్తగారి నుదురు ముడిపడింది.

"మధ్యవేలే. మళ్లీ అదే పట్టుకున్నావేం?"

"అమ్మా..." అని భర్త ముందుకి రాబోతే, కోడలు తలెత్తి కళ్లతోనే వారించింది.

ఆమె చిటికెనవేలిని పట్టుకుంది. మెల్లగా నొక్కింది. అత్తగారు పలకలేదు. ఇంకాస్త గట్టిగా నొక్కింది. గోరు దిగినచోట తెల్లటి గీత పడింది. ఆడపడుచు చేత్తో నోరు మూసుకుంది. మామగారి ఒళ్లోంచి చొక్కాలు జారి కింద పడ్డాయి, ఆయన వాటిని తీయలేదు.

కోడలు వేలు వదల్లేదు. నొక్కుతూనే ఉంది.

అత్తగారు కళ్లు తెరవకుండా, ఆటలో తన వంతు కోసం చూస్తున్న పిల్లలా, కొంచెం నవ్వింది.

"ఊఁ, ఇక ఉంగరంవేలూ చిటికెనవేలే కదా మిగిలాయి? పట్టుకో మరి. ఆగిపోయావేం?"